కాళ్లకింద నేలలేని చైనా: 18వ శతాబ్దపు యూరప్ రాగిపలక బొమ్మలు ఎందుకలా ఉంటాయి

2025 మార్చి నుంచి ఆగస్టు దాకా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో షీన్వాజరీ మీద ఒక ప్రదర్శన నడిచింది. చైనా పేరు చెప్పి యూరప్ అల్లుకున్న ఈ అలంకార శైలిని స్త్రీవాద కోణంలో మళ్లీ చూడాలన్నది దాని ఉద్దేశం. మరోపక్క ఇంటీరియర్ డిజైనర్ల పేజీల్లో ఇదే శైలి వాల్‌పేపర్లు, కుషన్ కవర్లు, టీ సెట్లు తెగ కనిపిస్తున్నాయి. దాంతో పాత ప్రశ్న కొత్తగా లేచింది: ఇది అందమా, అవమానమా?

ఈ వాదంలో ఎక్కువమంది నేరుగా అర్థం దగ్గరికి వెళ్లిపోతారు. గీత ఎలా నడిచింది, కాగితంలో ఎంత ఖాళీ వదిలారు, మనిషికన్నా పువ్వు ఎందుకు పెద్దగా ఉంది లాంటి సంగతులు పక్కకి పోతాయి. నా దృష్టిలో అసలు చిక్కుముడి అక్కడే ఉంది. ఈ బొమ్మల రూపం చాలావరకు అవి చేయాల్సిన పనినుంచి వచ్చింది. ఆ పని ఏమిటో తెలిస్తే అందం, అవమానం అనే వాదన కూడా కాస్త తేటపడుతుంది.

ముందు మాటల సంగతి

షీన్వాజరీ అంటే చైనా కళ కాదు. చైనా, జపాన్, ఇండియా అన్నీ కలగలిపి, ఆ దేశాల మొహం చూడని యూరప్ చిత్రకారులు ఊహించి గీసిన అలంకారం. 17వ శతాబ్దంలో మొదలై 18వ శతాబ్దం మధ్యలో ఊపందుకుంది. అప్పటి ఇంగ్లండ్‌లో చైనా సరుకునీ 'ఇండియా' సరుకనే అనేవాళ్లు. ఏది ఎక్కడిదన్న పట్టింపు కొన్నవాళ్లకీ లేదు, అమ్మినవాళ్లకీ లేదు.

ఇక రాగిపలక ముద్రణ. నున్నటి రాగిపలక మీద గీతలు లోతుగా దించుతారు. పలకంతా ఇంకు పూసి తుడిచేస్తే, గీతల్లో మాత్రమే ఇంకు మిగులుతుంది. తడి కాగితం పరిచి బరువైన రోలర్ల మధ్య నొక్కితే ఆ ఇంకు కాగితానికి ఎక్కుతుంది. గీత దించడానికి రెండు దారులు. ఒకటి సన్నటి ఉలితో నేరుగా రాగిని చెక్కడం. రెండోది ఎచ్చింగ్: పలక మీద మైనం పూత వేసి, సూదితో పూతమీదే గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినచోట రాగిని యాసిడ్ తినేస్తుంది. ఉలి గీత బిగువుగా, ఉబ్బి సన్నబడుతూ పోతుంది. సూది గీత కాగితం మీద పెన్నులా వదులుగా తిరుగుతుంది.

మనం మాట్లాడుకునేవి గోడకి తగిలించుకునే చిత్రాలు కావు. ఆరేసి పలకల చిన్న సెట్లుగా కుట్టి, చేతిపనివాళ్లకి అమ్మిన నమూనాలు. పింగాణీ మీద రంగులు వేసేవాళ్లు, పట్టు నేసేవాళ్లు, వెండి పనివాళ్లు, బీరువాలకి పూత పూసేవాళ్లు కొనుక్కునేవాళ్లు.

ఒక పలకని దగ్గరగా చూస్తే

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో 1728లో పుట్టిన చిత్రకారుడు జాన్ పియ్‌మాన్ ఈ శైలికి మారుపేరు లాంటివాడు. లిస్బన్, లండన్, వియన్నా, వార్సా తిరిగి పనిచేశాడు. చైనా మాత్రం వెళ్లలేదు. 1755లో లండన్‌లో చైనా అలంకారాల పేరుతో ఒక నమూనా పుస్తకం తెచ్చాడు. ఆయన సెట్లలో పదేపదే వచ్చే అమరికని ఇక్కడ వర్ణిస్తున్నాను. ఏ ఒక్క పలకనో ఉద్దేశించి కాదు.

కాగితం అడుగున నాలుగు గీతల్లో ఒక మట్టిపెళ్ల. దాని కింది అంచు తెగిపోయి ఉంటుంది. వేళ్లో, నాచో కిందికి వేలాడుతుంటాయి. అక్కడినుంచి ఒక కాడ ముందు ఎడమకి వాలి, మళ్లీ కుడికి తిరిగి పైకి పోతుంది. కాడ చివర పువ్వు. దానికింద నిలబడ్డ మనిషి టోపీకన్నా వెడల్పు. ఏ తోటలోనూ పూయని పువ్వది: రేకుల అంచులు గవ్వలా, మధ్యభాగం దానిమ్మలా ఉంటాయి. కాడ నడుమ పుల్లలతో కట్టిన మంచె, దానికి జాలీ కటకటాలు, పైన గొడుగు లాంటి కప్పు, కప్పు మూలలకి చిరుగంటలు. మంచె అంచున ఒకాయన గాలం వేసుక్కూర్చుని ఉంటాడు. గాలం కింద నీళ్లుండవు, ఉన్నదంతా తెల్లకాగితమే. కాగితం పైమూలలో సగానికి సగం ఖాళీ.

ఈ మంచె నిలబడదని ఎవరైనా చెప్తారు. ఆ సన్నటి కాడ మనిషి బరువు మోయలేదు. కానీ ఏ వస్తువుకి ఆ వస్తువు చూస్తే నీడ పద్ధతిగా పడింది: కుండకి ఒకపక్క అడ్డగీతలు దట్టంగా, మరోపక్క తెల్లగా. మనిషి మోకాలి దగ్గర గుడ్డ మడత కూడా గుండ్రంగా తేలుతుంది. వస్తువుని అడ్డగీతల నీడతో గుండ్రంగా చూపించడం యూరప్ అలవాటు. చైనా సంప్రదాయ చిత్రాల్లో, చెక్కముద్రల్లో ఆకారాన్ని తేల్చేది రూపురేఖే. వెలుతురు ఒకవైపునుంచి పడ్డట్టు నీడలు వేయరు. అంటే వస్తువులన్నీ యూరప్ లెక్క ప్రకారం గట్టిగా ఉన్నాయి, అవి నిలబడ్డ లోకానికి మాత్రం నేల లేదు. ఈ బొమ్మల్లోని వింత రుచి ఈ పొంతన లేనితనం నుంచి పుట్టిందే.

దూరాన్ని చూపించే పద్ధతి కూడా గమనించదగ్గది. మొదట పలకంతటినీ కొద్దిసేపు యాసిడ్‌లో ఉంచుతారు. తర్వాత దూరపు కొండలు, పక్షుల మీద వార్నిష్ పూసి మూసేసి, దగ్గర వస్తువులని మళ్లీ ముంచుతారు. మూసిన గీతలు సన్నగా, పాలిపోయి ఉంటాయి. తెరిచి ఉన్నవి లోతుగా, నల్లగా పడతాయి. కాబట్టి ఇక్కడ దూరమంటే యాసిడ్‌లో గడిపిన సమయం. అన్నీ ఒక బిందువు దగ్గర కలిసే దృక్కోణ గీతల జోలికి పోవాల్సిన పనే ఉండదు.

ఖాళీ ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకి మూడు జవాబులున్నాయి. మూడింటికీ ఆధారాలున్నాయి.

మొదటిది అందరూ చెప్పేది: చైనా, జపాన్ సరుకుని చూసి నేర్చుకున్నారని. ఓడల్లో వచ్చిన పింగాణీ మీద తెల్లటి ఖాళీ, లక్కపూత పెట్టెల మీద నల్లటి ఖాళీ. వాటిమీద ఒక కొండ, ఒక ఇల్లు, ఒక పడవ విడివిడిగా తేలుతూ ఉంటాయి. యూరప్ చిత్రకారుడు చైనా చిత్రలేఖనం చూసింది తక్కువ, చైనా గిన్నెలు చూసింది ఎక్కువ. గిన్నె మీది అమరికే చైనా లోకం అనుకున్నాడన్నమాట.

రెండో జవాబు యూరప్ లోపలినుంచే వస్తుంది. 15వ శతాబ్దం చివర రోమ్‌లో నీరో చక్రవర్తి భవనం శిథిలాలు బయటపడ్డాయి. వాటి గోడల మీద సన్నటి కాడలపై మనుషులు, జంతువులు, పందిళ్లు నిలబెట్టిన చిత్రాలున్నాయి. ఈ గ్రొటెస్క్ అలంకారాన్ని రాఫెల్ బృందం వాటికన్‌లో వాడుకుంది, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో జాన్ బెరాన్ లాంటివాళ్లు తేలిక చేశారు. బరువు మోయలేని కాడ మీద మనిషిని కూర్చోబెట్టే ఆట యూరప్‌కి అప్పటికే రెండు వందల ఏళ్లుగా అలవాటే. ఆ కాడ మీద ఉన్న అప్సరసని దింపి శంకువు ఆకారపు టోపీ మనిషిని ఎక్కిస్తే షీన్వాజరీ సగం తయారైపోయినట్టే.

మూడోది కత్తెర. నాకు ఎక్కువగా నచ్చే జవాబు ఇదే.

లండన్‌లో రాబర్ట్ సేయర్ 1760 ప్రాంతంలో అచ్చేసిన 'ద లేడీస్ అమ్యూజ్‌మెంట్' అనే నమూనా పుస్తకంలో పదిహేను వందలకి పైగా బొమ్మలున్నాయి. వాటిలో చాలా పియ్‌మాన్‌వి. ఇంట్లో ఆడవాళ్లు వాటికి రంగులు వేసి, కత్తిరించి, పెట్టెల మీదా బల్లల మీదా అతికించి వార్నిష్ పూస్తే జపాన్ లక్కపనిలా కనిపించాలన్నది ఆలోచన. వెనిస్‌లో ఇదే పని పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ దాన్ని పేదవాడి లక్కపని అనేవాళ్లు. బస్సానో ఊళ్లోని రెమొందీని అచ్చుకూటం కత్తిరించుకోవడానికి వీలైన కాగితాలు అచ్చేసి అమ్మేది. పియ్‌మాన్ రెండో భార్య ఆన్ అలెన్ 1790ల్లో ఆయన బొమ్మలని రంగుల ఎచ్చింగ్‌లుగా అచ్చేసింది. ఆ సెట్ పేరులోనే డ్రాయింగ్ వేసేవాళ్ల, పెయింటర్ల వాడకం కోసం అని ఉంది.

ఉదాహరణకి ఒక పనివాడి ముందు టీ కుండ ఉందనుకుందాం. ఒకవైపు ముక్కు, ఒకవైపు పిడి, మధ్యలో ఉబ్బెత్తు పొట్ట. అతని దగ్గరున్న నమూనా కాగితంలో నేల ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుచుకుని, వెనక కొండలు, ఆ వెనక ఆకాశం ఉంటే ఆ బొమ్మలో మనిషిని మాత్రమే తీసుకోవడం కుదరదు. నేల సగంలో తెగుతుంది, నడుం వెనక కొండ సగం మిగులుతుంది. అదే పియ్‌మాన్ పలకయితే మట్టిపెళ్లతో సహా మనిషి ఒక ముక్క, పక్షి ఒక ముక్క, పువ్వు ఇంకో ముక్క. గాలం వేసేవాణ్ని కుండ పొట్ట మీద పెట్టొచ్చు, పక్షిని మూతమీదకి పంపొచ్చు, ముక్కు వెంట కాడని పాకించొచ్చు. రేపు అదే పనివాడికి పొడుగాటి జాడీ వస్తే ముక్కలని ఒకదానిమీద ఒకటి పేరుస్తాడు. వెడల్పాటి ట్రే వస్తే పక్కపక్కన పరుస్తాడు. దిగంతరేఖ లేదు కాబట్టి ఏ ముక్కా పక్కదానితో తగువు పడదు.

అంచు తెగిన మట్టిపెళ్ల అజ్ఞానంతోనో, కొంటెతనంతోనో వేసింది మాత్రమే కాదు. కత్తెరకి చూపించిన దారి అది.

అయితే ఈ వాదనని మరీ లాగకూడదు. అదే కాలపు ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాంస్వా బూషే చైనా బొమ్మలని చూడండి. వాటిని పారిస్‌లో గాబ్రియెల్ యుకియే అచ్చేశాడు. బూషే మనుషులకి బరువుంది, కూర్చుంటే నేల ఉంది, పక్కన బుట్ట, వెనక చెట్టు ఉన్నాయి. చైనా దుస్తులు వేసుకున్న ఫ్రెంచి పల్లెపిల్లల్లా ఉంటారన్నది నిజమే గానీ గాల్లో తేలరు. అవి కూడా పింగాణీకి నమూనాలుగా పనికొచ్చినవే. అంటే వాడకం ఒక్కటే రూపాన్ని నిర్ణయించలేదు. ఎవరి చేయి అన్నదీ ముఖ్యమే. బూషే మనిషి శరీరాన్ని ప్రేమించే చిత్రకారుడు, పియ్‌మాన్ మొక్కని ప్రేమించే డిజైనర్.

మనిషికన్నా పెద్ద పువ్వు

కొలతల సంగతిలో ఒక తమాషా మార్పు కనిపిస్తుంది. 1688లో ఆక్స్‌ఫర్డ్‌లో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు జపాన్ తరహా పూతపని మీద 24 పలకల నమూనాలతో పుస్తకం వేశారు. తూర్పుదేశాల బొమ్మల్లో కొలతలు కుంటుపడ్డచోట తాము కొంచెం సరిచేశామని ముందుమాటలోనే చెప్పుకున్నారు. వాళ్లకి కొలత తప్పడం ఒక లోపం.

డెబ్బై ఏళ్లు గడిచేసరికి లెక్క తిరగబడింది. 'లేడీస్ అమ్యూజ్‌మెంట్' సలహా ఇలా ఉంటుంది: దృశ్యం యూరప్‌దైతే అసంబద్ధమైన వస్తువులేవీ పెట్టొద్దు, ఇండియా, చైనా దృశ్యాలైతే స్వేచ్ఛ తీసుకోవచ్చు, సీతాకోకచిలుక ఏనుగుని మోస్తున్నట్టున్నా ఫర్వాలేదు, రంగులూ తేలికదనమూ ఉంటే చాలు, చూసేవాళ్లకి నచ్చుతుంది. ఒకప్పటి లోపం ఇప్పుడు అమ్మకపు సరుకు.

ఆ సలహాలో రెండు కొలబద్దలున్నాయి, గమనించారా? మన లోకానికి తర్కం కావాలి, వాళ్ల లోకానికి అక్కర్లేదు. కొలతలు తప్పే స్వేచ్ఛ ఒకరి బొమ్మలకే ఇచ్చారు. రూపం మీద చర్చ రాజకీయం మీద చర్చగా మారేది సరిగ్గా ఇక్కడే అని నాకనిపిస్తుంది.

దీనికి ఎదురుగా నిలబడే పుస్తకమూ ఒకటుంది. విలియం చేంబర్స్ స్వీడన్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో దక్షిణ చైనా రేవు కాంటన్‌కి వెళ్లొచ్చినవాడు. 1757లో చైనా కట్టడాలు, సామాన్లు, దుస్తుల మీద రాగిపలకల పుస్తకం వేశాడు. అందులో భవనాల ప్లాన్లు, నిలువు చిత్రాలు ఉంటాయి, కట్టడాలు నేలమీద నిలబడతాయి. చైనా పేరుతో నడుస్తున్న విడ్డూరాలకి అడ్డుకట్ట వేయాలనే రాశానన్నాడు. కొన్నేళ్లకి, 1762లో, లండన్ దగ్గర క్యూ తోటల్లో ఆయనే పది అంతస్తుల పగోడా కట్టాడు. చైనాలో పగోడాలకి మామూలుగా బేసి సంఖ్యలో అంతస్తులుంటాయి. ఈ పదికి మూలం 1665లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన డచ్ యాత్రికుడు నియూహోఫ్ పుస్తకం అని చెప్తుంటారు. అందులో తొమ్మిది అంతస్తుల నాన్‌జింగ్ పింగాణీ గోపురం పది అంతస్తులతో కనిపిస్తుంది. కాంటన్ కళ్లారా చూసొచ్చిన మనిషికి కూడా రాగిపలక బొమ్మ బలంగానే పనిచేసిందన్నమాట.

ఎడమ కుడి అయితే

రాగిపలక మీద ఉన్నదానికి కాగితం మీద పడేది అద్దంలో బొమ్మ. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. చిత్రకారుడు కుడిచేత్తో టీ పోసే ఆమెని గీశాడనుకోండి. చెక్కేవాడు దాన్ని ఉన్నదున్నట్టు పలకకి ఎక్కిస్తే ముద్రలో ఆమె ఎడమచేత్తో పోస్తుంది. ఆ ముద్రని వేరే ఊరి పనివాడు చూసి తన పలక మీద చెక్కితే, అతని ముద్రలో మళ్లీ కుడిచేయి వస్తుంది. ఆగ్స్‌బర్గ్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌ల మధ్య ఇలా కాపీలకి కాపీలు నడిచాయి. అనుమతి అడిగే ఆచారమేమీ లేదు. ఒక బొమ్మ ఏ తరం కాపీయో చెప్పడానికి చరిత్రకారులు చేతులవైపు, దుస్తులు ఏవైపు మూసి కట్టారన్న దానివైపు చూసేది అందుకే. అయితే ఒక జాగ్రత్త: అద్దం పెట్టుకుని బొమ్మని తిప్పి చెక్కే శ్రద్ధగలవాళ్లూ ఉన్నారు కాబట్టి ఈ ఆధారం ఒక్కటే చాలదు.

ఆటా, అవహేళనా?

ఒక పక్షం దీన్ని హాయైన ఊహాలోకం అంటుంది. ఈ బొమ్మల్లో యుద్ధం లేదు, మతం లేదు, చాకిరీ లేదు. చైనా అంటే జ్ఞానం, సంపద, సుఖం ఉన్నచోటని యూరప్ గౌరవించిన కాలం అది. రొకోకో (18వ శతాబ్దపు తేలికైన అలంకార శైలి) కాలపు చిత్రకారులు తమ సొంత దేవతలని కూడా ఇంతే తేలిగ్గా చూశారు కదా అని వీళ్ల వాదన.

తూర్పుదేశాలని పడమటివాళ్లు చూపించే తీరు మీద ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియెంటలిజం' పుస్తకంలో లేవనెత్తిన ప్రశ్నల తర్వాత వచ్చినవాళ్లు ఒప్పుకోరు. నేలలేని లోకంలో పెట్టడమంటే చరిత్ర లేకుండా చేయడమేనని వాళ్లంటారు. ఆ బొమ్మల్లో మనిషీ, కోతీ, పువ్వూ ఒకే బరువు. కత్తిరించి ఎక్కడైనా అతికించుకోవచ్చు. గొడుగు, పొడుగు మీసం, శంకువు ఆకారపు టోపీ చాలు, పేరూ మొహమూ అక్కర్లేదు. 19వ శతాబ్దంలో చైనా మీద యూరప్ ధోరణి ఏమైందో తెలుసు కాబట్టి ఈ మాటని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ శతాబ్దంలో బ్రిటన్ చైనా మీద చేసిన నల్లమందు యుద్ధాల కోపాన్ని 1755 నాటి పలక మీద పెట్టి చదవడంలో తొందరపాటు ఉంది. అప్పటికి కాంటన్‌లో యూరప్ వర్తకులు చైనా అధికారులు పెట్టిన షరతులకి తలొగ్గి వ్యాపారం చేస్తున్నారు.

మూడో పక్షం ఆడవాళ్ల చేతులవైపు చూడమంటుంది. ఇంగ్లండ్‌లో ఈ శైలిని వెక్కిరించినవాళ్లు తరచూ ఇది ఆడవాళ్ల పిచ్చి అనే వెక్కిరించారు. పద్ధతిలేని కొలతలు, నిలకడలేని గీత, చిల్లర అలంకారం అన్న విమర్శలు బొమ్మలమీదా ఉన్నాయి, వాటిని కొన్న స్త్రీలమీదా ఉన్నాయి. న్యూయార్క్ ప్రదర్శన ఈ దారిలో నడిచిందే.

ఇక చైనావైపు చూస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. చియన్‌లాంగ్ చక్రవర్తి బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ తోటల్లో యూరప్ తరహా భవనాలు కట్టించుకున్నాడు. 1780ల్లో వాటిని 20 రాగిపలకల మీద తన ఆస్థాన పనివాళ్లచేత చెక్కించాడు. వాటిలో భవనాలు ఒకే బిందువుకి పరిగెత్తే దృక్కోణంలో బిర్రుగా ఉంటాయి, నేల పలకలు పలకలుగా పరిచి ఉంటుంది, ఒక్క మనిషీ కనిపించడు. యూరప్ వాడు చైనాని గీస్తే నేల పోయింది, చైనా వాడు యూరప్‌ని గీస్తే మనుషులు పోయారు.

మన తీరం వాటా

కోరమాండల్ అంటే మనకి రైలు గుర్తొస్తుంది. పురాతన వస్తువుల వ్యాపారంలో కోరమాండల్ అంటే చైనా లక్కపూత తెరలు. పన్నెండు పలకల దాకా ఉండే ఈ మడత తెరలు తయారైంది చైనాలోనే. యూరప్ వాళ్లు కోరమాండల్ అని పిలిచిన మన తూర్పుతీరం రేవుల మీదుగా యూరప్ చేరినందుకు ఆ పేరు స్థిరపడింది.

ఇంతకన్నా దగ్గరి సంబంధం బట్టలది. మచిలీపట్నం మొదలుకొని కింది రేవులదాకా ఎగుమతి కోసం పెద్ద కలంకారీ పరుపుదుప్పట్లు, గోడతెరలు రాసేవాళ్లు. వర్తకులు వాటిని పాలంపోర్‌లనేవాళ్లు. వాటి మధ్యలో వంకర తిరిగిన చెట్టు, అడుగున చిన్న రాళ్లగుట్ట, ఒకే కొమ్మకి పది జాతుల పూలు, మొదలుకన్నా లావు పువ్వు. పియ్‌మాన్ కాడ గుర్తొస్తోంది కదూ. ఆ చెట్టు మన దేశపుదని కొందరు, పర్షియా మీదుగా వచ్చిందని కొందరు అంటారు. యూరప్ కంపెనీలు చైనా తరహా అనుకుని పంపిన నమూనాలని మన రాతగాళ్లు తమ చేతివాటంలోకి మార్చుకోగా తయారైందని మరికొందరు. మూడూ కలిశాయనడమే సమంజసంగా కనిపిస్తుంది, ఎందుకంటే రాళ్లగుట్ట చైనాని, ఆకు నిండుగా నింపిన సన్నటి గీతల పని కలంకారీ చేతిని పట్టిచ్చేస్తాయి.

అలాంటి ప్రయాణాన్నే డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితం మీద పక్కాగా నడిపి చూసింది. 1734లో కార్నెలిస్ ప్రోంక్ అనే ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుణ్ని పెట్టుకుని పింగాణీ డిజైన్లు గీయించింది. వాటిలో పేరున్నది గొడుగు కింద నిలబడి నీటిపక్షులని చూస్తున్న ఇద్దరు చైనా స్త్రీలది. డచ్చివాడు ఊహించిన ఆ చైనా స్త్రీల బొమ్మ ఓడెక్కి చైనాకీ, జపాన్‌కీ వెళ్లింది. జపాన్ పనివాళ్లు వాళ్లకి తమ దేశపు దుస్తులు తొడిగారు. పని ఎక్కువ, ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ. కొన్నేళ్లు చూసి కంపెనీ ఆ డిజైన్లు మానేసి, చైనా పనివాళ్లు సొంతంగా వేసే బొమ్మలనే మళ్లీ కొనడం మొదలుపెట్టింది.